‘వర్కు’ – ‘లేబరు’ : పనికిని పాటునకును గల భేదము

డోర్నకల్లు జంక్షనున రైలు దిగి ఊరిలోనికి పోవు బాటసారికి ‘లేబరు’ అను మాట ఒక్క పూటలోనే మూడర్థములతో చెవిని బడవచ్చును. మిరపకాయ ఏరుటకు మనుష్యులను కుదుర్చుకొనబోవు రైతు ‘ఈ వారం లేబరు దొరుకుతలేరు’ అనును. ఇల్లు కట్టు మేస్త్రి ‘సామాను మీది, లేబరు నాది’ అని బేరము చెప్పును. కోడలిని ఆసుపత్రికి తీసికొని వచ్చిన అత్తగారితో నర్సు ‘అమ్మాయిని లేబరు రూములకు తీసుకపోయిండ్రు’ అని చెప్పును.

మొదటి మాటలో లేబరు అనగా మనుష్యులు. రెండవదానిలో చేతిపనికి ఇచ్చు కూలి. మూడవదానిలో పురిటినొప్పి. ఈ మూడు తావులలో ఏ ఒక్కచోట ‘వర్కు’ అను మాటను ఉంచినను వాక్యము పొసగదు. అయినను విద్యార్థి నిఘంటువు తెరచి చూచినచో ‘వర్కు’ అనగా పని, శ్రమ అనియు, ‘లేబరు’ అనగా శ్రమ, పని అనియు అటునిటుగా ఒకే అర్థము కనబడును. అందుచే రెండును ఒకటియే యని తలచి ఒకదానికి బదులు మరియొకటి వాడుచున్నాడు.

ఈ భేదమును ఎరుగుట పరీక్షలో రెండు మార్కుల కొరకు మాత్రమే కాదు. ఒక మనుష్యుని అతడు చేయు పనినిబట్టి పిలుచుటకును, అతడు పడు అలసటనుబట్టి పిలుచుటకును నడుమ చాల దూరము కలదు. ఆ దూరము ఎంతయో ఈ రెండు మాటలు చెప్పగలవు.

పదముల పుట్టుక

‘వర్క్’ అనునది ఇంగ్లీషువారి స్వంత పదము. ప్రాచీనాంగ్లమున ‘వెఒర్క్’ అను రూపముతో ఉండి, చేయబడిన కార్యమును, చేతితో నిర్మింపబడిన వస్తువును తెలిపెడిది. గ్రీకు భాషలోని ‘ఎర్గాన్’ దీనికి జ్ఞాతి. విజ్ఞానశాస్త్రమున ‘ఎనర్జీ’ అను మాట ఆ ఎర్గాన్ నుండియే పుట్టినది.

‘లేబర్’ అనునది అరువు పదము. లాటిను భాషలో ‘లాబొర్’ అనగా ఆయాసము, కష్టము. అది ఫ్రెంచివారి నోట నలిగి, మధ్యయుగములలో ఇంగ్లీషున ప్రవేశించెను. దానికి ప్రసవవేదన యను అర్థము పదునారవ శతాబ్దము చివర ఏర్పడెను. కావున ఆ మాట పుట్టుకలోనే నొప్పి యున్నది. ‘లేబొరేటరీ’ అనునది శ్రమించు చోటు. ‘కొలాబొరేట్’ అనగా కలిసి శ్రమించుట. ‘ఎలాబొరేట్’ అనగా శ్రమపడి విస్తరించినది. ప్రయోగశాలలో నిలుచు విద్యార్థి ఆ శాల పేరున కష్టము దాగియున్నదని ఎరుగడు.

వర్ణక్రమమును గూర్చి ఒక మాట. బ్రిటిషు పద్ధతిలో ‘లేబర్’ చివర ‘ఓ–యు–ఆర్’ అని వ్రాయుదురు. అమెరికావారు నడిమి ‘యు’ను విడుతురు. ఆస్ట్రేలియా దేశీయులు సామాన్యముగా ‘యు’ ఉంచి వ్రాయుదురు గాని, అచ్చటి లేబర్ పార్టీ తన పేరున మాత్రము దానిని వదలినది. మన పాఠశాలలలో బ్రిటిషు రూపమే అనుసరణీయము.

తెలుగున పని, పాటు

ఈ భేదము మనకు క్రొత్త కాదు. ‘పనిపాటలు’ అని పల్లెలో అనుదినము వాడు జంటమాటలోని ‘పాట’ గానము కాదు. ‘పాటు’ అను శబ్దము. పాటుపడుట అనగా కష్టించుట. కావున పనిపాటలు అనినచో పనియు, దానిని చేయుటలోని కష్టమును. ఇంగ్లీషువారు రెండు వేరు మాటలుగా ఉంచినదానిని మన పెద్దలు ఒక జంటగా ముడివేసి ఉంచిరి.

క్రియలను గమనించిన యెడల ఇది మరింత తేటపడును. మనము పని ‘చేయుదుము’. పాటు ‘పడుదుము’. శ్రమ పడుదుము, కష్టము పడుదుము, పురిటినొప్పులు పడుదుము. పని పడుదుమని యెవ్వరును అనరు. చేయుటలో కర్త యజమానుడు. పడుటలో కర్త భరించువాడు. ‘చేయు’ అనదగిన చోట ‘వర్క్’, ‘పడు’ అనదగిన చోట ‘లేబర్’ అని గుర్తుంచుకొన్న విద్యార్థి పదింట ఎనిమిది తావులలో తప్పు చేయడు.

సంస్కృతమునుండి వచ్చిన మాటలలోను ఈ జంట కలదు. కర్మ శబ్దము నుండి ‘కార్మికుడు’, శ్రమ శబ్దము నుండి ‘శ్రామికుడు’. మొదటివాడు చేయువాడు, రెండవవాడు అలయువాడు. శ్రమ శబ్దమునకు మూలమైన ధాతువునకు అలసట, తపస్సు అను రెండర్థములు కలవు; ‘ఆశ్రమము’, ‘శ్రమణుడు’ అను మాటలు దానినుండియే వచ్చినవి. అలసటను తపస్సుతో ఒకే ధాతువున కూర్చిన భాష శ్రమను హీనముగా చూడలేదనుట స్పష్టము. ఇంగ్లీషున ‘లేబర్ డిపార్ట్‌మెంట్’ అనుదానిని తెలుగున ‘కార్మిక శాఖ’ అనుచున్నాము. అనగా వారు శ్రమ పేరుతో పిలిచిన శాఖను మనము పని పేరుతో పిలుచుచున్నాము.

వ్యాకరణ నియమములు

విద్యార్థులు తరచుగా చేయు తప్పులు నాలుగు.

మొదటిది: ‘మై ఫాదర్ ఈజ్ ఎ లేబర్’. ఇది పల్లెపాఠశాలలలో మిక్కిలిగా కనబడు వాక్యము. ‘లేబర్’ అనునది శ్రమను తెలుపును, లేదా శ్రామికులందరిని ఒక సమూహముగా తెలుపును. ఒక్క మనుష్యుని తెలుపదు. తండ్రి ‘లేబరర్’ కావచ్చును గాని ‘లేబర్’ కాజాలడు. ఆ వాక్యమునకు సరియైన అర్థము తీసినచో ‘మా తండ్రి ఒక అలసట’ అని వచ్చును. బాలుడు ఎరుగకయే తండ్రిని మనుష్యుల లెక్కనుండి తీసి కష్టము లెక్కలో చేర్చుచున్నాడు.

రెండవది: ‘మై మదర్ ఈజ్ ఇన్ లేబర్’. తల్లి కూలికి పోయినదని చెప్పదలచి బాలుడు ఇట్లు వ్రాయును. చదువువారికి ఆమె పురిటినొప్పులు పడుచున్నదని అర్థమగును. ‘షీ ఈజ్ ఎట్ వర్క్’ అని వ్రాయవలెను. ఒక చిన్న విభక్తి వంటి మాట మారుటచే అర్థము ఎంత దూరము పోయినదో చూడుడు.

మూడవది: ‘ఐ హావ్ ఎ వర్క్’. పని అను అర్థమున ‘వర్క్’ లెక్కింపరానిది. దానికి ముందు ‘ఎ’ చేరదు. ‘ఐ హావ్ సమ్ వర్క్’ అనుట సరియైనది. ‘ఎ వర్క్’ అనినచో ఒక గ్రంథమో, శిల్పమో, చిత్రమో యగును. బసవపురాణము పాల్కురికి సోమనాథుని ‘వర్క్’. బహువచనమున ‘వర్క్స్’ అనినచో కవి రచనలన్నియు, లేక ఒక కర్మాగారము, లేక రోడ్లు చెరువులు మున్నగు నిర్మాణములు అని సందర్భమునుబట్టి అర్థము.

నాలుగవది: యంత్రములను గూర్చి. గడియారము, మందు, ఉపాయము ఇవి యన్నియు ‘వర్క్’ చేయును, అనగా పనిచేయును. అవి ‘లేబర్’ చేయవు, ఏలన వానికి నొప్పి లేదు. అయితే నిండు బొగ్గుబండ్లను ఎగువకు లాగుచు రొప్పు ఇంజనును చూచి ‘ది ఇంజన్ ఈజ్ లేబరింగ్’ అందురు. అచ్చట ఇనుప యంత్రమునకు ప్రాణియొక్క ఆయాసము ఆరోపింపబడినది. ‘వర్కింగ్’ అనినచో ఇంజను బాగుగ నడచుచున్నదని. ‘లేబరింగ్’ అనినచో కష్టముతో నడచుచున్నదని.

ఈ నాల్గింటికి తోడు రెండు పలుకుబడులు. ‘హార్డ్ వర్క్’ అనుట మెచ్చుకోలు. ‘హార్డ్ లేబర్’ అనుట శిక్ష. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో కఠిన కారాగారమును వివరించుటకు ‘హార్డ్ లేబర్’ అనియే వ్రాసిరి. 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలోను అదే మాట నిలిచినది. న్యాయమూర్తి యెవనికిని ‘హార్డ్ వర్క్’ శిక్షగా విధింపడు. గురువు యే శిష్యుని ‘హార్డ్ లేబర్’ చేసితివని మెచ్చుకొనడు.

బస్తా మోయు హమాలీ

తొమ్మిదవ తరగతి భౌతికశాస్త్రమున ‘వర్క్’ అనగా బలమును, ఆ బలము దిక్కున జరిగిన దూరముతో గుణించుట యని చెప్పుదురు. కొలమానము జౌలు. ఈ లెక్క విద్యార్థికి ఒక వింతను చూపును.

ఒక హమాలీ స్టేషను వద్ద మిరపకాయ బస్తాను తలపై పెట్టుకొని, లారీ వెనుకకు జరుగువరకు పావుగంట నిలుచుండెనని అనుకొందము. బస్తా కదలలేదు. కావున శాస్త్రపు లెక్కలో అతడు బస్తాపై చేసిన ‘వర్క్’ సున్న. అతని మెడనరములు మాత్రము ఆ పావుగంటను సున్నయని ఒప్పుకొనవు. చెమట కారినది, కాళ్లు వణకినవి. అది ‘లేబర్’. శాస్త్రము తప్పు చెప్పుట లేదు. అది బస్తాను కొలుచుచున్నది, మనుష్యుని కొలుచుట లేదు.

కూలి నిర్ణయించు పెద్దలు కొందరు తమకు తెలియకయే ఇదే లెక్క వేయుదురు. ‘ఎన్ని బస్తాలు దిగినవి?’ అని మాత్రమే అడిగి, నిలుచున్న వేళను, ఎండను, వయస్సును విడిచిపెట్టుదురు. ఫలితమును చూచుట ‘వర్క్’ను చూచుట. పడినదానిని చూచుట ‘లేబర్’ను చూచుట. న్యాయమైన కూలికి రెండును కావలెను.

పండితుల విచారణ

ఐరోపా పండితులు ఈ జంటను గూర్చి శ్రద్ధగా ఆలోచించిరి. కారల్ మార్క్స్ ‘పెట్టుబడి’ గ్రంథమునకు ఫ్రెడరిక్ ఎంగెల్స్ చేర్చిన ఒక అధోజ్ఞాపికలో ఇంగ్లీషు భాషకు ఒక సౌకర్యము కలదని చెప్పెను. ఉపయోగపడు వస్తువును సృజించునట్టి, గుణముచే వేరుపడునట్టి శ్రమను ‘వర్క్’ అనియు, విలువను పుట్టించుచు పరిమాణముచే మాత్రమే కొలువబడు శ్రమను ‘లేబర్’ అనియు వేరుచేయవచ్చునని అతని అభిప్రాయము. కుమ్మరి చేసినది కుండ, నేతగాడు నేసినది బట్ట యని చూచినచో ‘వర్క్’. ఇద్దరును ఎనిమిది గంటలు పనిచేసిరని లెక్కించినచో ‘లేబర్’.

జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన హన్నా ఆరెంట్ అను విదుషి 1958లో ప్రకటించిన తన గ్రంథమున వేరొక విధముగా విభజించెను. శరీరయాత్రకై దినదినము చేయుచు, చేసిన వెంటనే తరిగిపోవునది ‘లేబర్’. లోకమున నిలుచు వస్తువును నిర్మించునది ‘వర్క్’. ఈ విభజన ప్రకారము ఇల్లు కట్టుట వర్కు. ఆ ఇంట దినమునకు రెండుసార్లు వంట చేయుట, అంట్లు తోముట లేబరు. వండినది మధ్యాహ్నమునకే తీరిపోవును. అందుచే గోడ కట్టిన మేస్త్రి పేరు నిలుచును, పొయ్యి వద్ద నిలిచిన ఇల్లాలి కష్టము ఎవరి లెక్కకును రాదు. ఈ విభజనను ఒప్పుకొనినను మానినను, తన ఇంటిలో ఏది నిలుచుచున్నది, ఏది తరుగుచున్నది యని ప్రతివాడును ఒకమారు చూచుకొనుట మంచిది.

బొగ్గు రైలును, చట్టముల భాషయు

డోర్నకల్లు జంక్షను కావుటకు కారణము బొగ్గు. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గు కలదని కనుగొనెను. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ గనులు త్రవ్వుటకు హక్కు పొందెను. 1889 నుండి బొగ్గు వెలువడెను. ఆ గనుల మూలమున డోర్నకల్లు వద్ద ప్రధానమార్గము నుండి ఒక పాయ చీలి కారేపల్లి మీదుగా సాగినది. తరువాత 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను.

గనులలోని మాటలను వినిన యెడల మన రెండు పదముల భేదము మనుష్యుల భేదముగా మారిన వైనము తెలియును. కొలువు స్థిరముగ ఉన్నవాడు ‘వర్కరు’. గుత్తేదారు వెంట వచ్చినవాడు ‘కాంట్రాక్టు లేబరు’. ఇద్దరును అదే బొగ్గుధూళిని పీల్చుచుండవచ్చును. పేరు మాత్రము ఒకరికి పనినిబట్టి, మరియొకరికి పాటునుబట్టి. ఇది గనివారు కల్పించినది కాదు. 1970లో పార్లమెంటు చేసిన చట్టము పేరే ‘కాంట్రాక్ట్ లేబర్’ చట్టము. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టమున ‘వర్క్‌మన్’ అని ఉండెను. ఆ మాట పురుషుని మాత్రమే స్ఫురింపజేయును. 2020లో చేసిన పారిశ్రామిక సంబంధముల స్మృతిలో దానికి బదులు ‘వర్కర్’ అని వ్రాసిరి. స్త్రీ పురుషులకు ఇరువురికిని చెల్లు మాట అది.

భారత రాజ్యాంగమును తెరచి చూచినచో ఈ రెండు పదములు ఎంత జాగ్రత్తగా వాడబడినవో ఆశ్చర్యము కలుగును. 23వ అధికరణము వెట్టిని, బలవంతపు చాకిరిని నిషేధించుచున్నది. అచ్చట వాడినది ‘లేబర్’. 41వ అధికరణము ఆదేశిక సూత్రములలో పని పొందు హక్కును చెప్పుచున్నది. అచ్చట వాడినది ‘వర్క్’. 43వ అధికరణము వ్యవసాయమున గాని పరిశ్రమలలో గాని పాటుపడువారందరిని ‘వర్కర్స్’ అని పేర్కొని, వారికి జీవనమునకు తగిన వేతనము దొరకవలెనని కోరుచున్నది. బలవంతపెట్టినచో ‘లేబర్’, హక్కుగా కోరినచో ‘వర్క్’. పొలమున కలుపు తీయు స్త్రీయు రాజ్యాంగము దృష్టిలో ‘వర్కరే’. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1944లో ఫిలడెల్ఫియా నగరమున చేసిన ప్రకటనలో శ్రమ అంగడిసరుకు కాదని మొదటి సూత్రముగా చాటెను. ‘లేబరు రేటు ఎంత?’ అని అడుగు నోరు ఈ సూత్రమును కొంచెము తలచుకొనవలసియున్నది.

కూలి యను మాట చేసిన ప్రయాణము

కష్టమునకు పెట్టిన పేరు మనుష్యునకు అంటుకొనుట మన మాటలలోను జరిగినది. తెలుగున ‘కూలి’ యనగా మొదట వేతనము. కూలికి పోవుట, కూలి ఇచ్చుట యనునవి దానినే తెలుపును. కూలి పుచ్చుకొనువాడు ‘కూలివాడు’. ఇంగ్లీషువారు వాడిన ‘కూలీ’ అను మాటకు దక్షిణభాషలలోని ఈ ‘కూలి’తో సంబంధమున్నదని పలువురు పండితుల మతము. వేతనము పేరు మనుష్యుని పేరైనది. పందొమ్మిదవ శతాబ్దమున తెలుగువారు, తమిళులు ఒప్పందపు కూలీలుగా ఓడలెక్కి మారిషస్, దక్షిణాఫ్రికా దేశములకు పోయినప్పుడు ఆ పేరే వారి మెడకు తగిలినది. దక్షిణాఫ్రికాలో ‘కూలీ’ అనునది తిట్టుగా మారినది. అచ్చట న్యాయవాదిగా ఉన్న గాంధీజీనే ‘కూలీ బారిష్టరు’ అని పిలిచిరి.

‘లేబరు’ అను మాట నేడు మన పల్లెలలో అదే దారిని నడచుచున్నది. ‘లేబరు దొరుకుతలేరు’ అను వాక్యమున క్రియ మనుష్యులకు తగిన బహువచనమున ఉన్నది. అనగా పలుకువాని వ్యాకరణము వారిని మనుష్యులుగానే ఎరుగును. పెట్టిన పేరు మాత్రము ఎరుగదు.

కాయకము

వీరశైవ సంప్రదాయమున ఈ రెండింటికి అవతల ఒక మూడవ మాట కలదు. అదియే కాయకము. కాయము అనగా శరీరము. శరీరముతో చేయునది కాయకము. కావున దానిలో పాటు ఉన్నది. దానినుండి ఒక ఫలము వచ్చును గనుక పనియు ఉన్నది. ఆ ఫలమున తన పొట్టకు తగినంత ఉంచుకొని మిగిలినది దాసోహమునకు అర్పింపవలెను గనుక, ఇంగ్లీషు మాటలు రెండింటిలోను లేని మూడవ అంశము దీనిలో చేరినది. పండ్రెండవ శతాబ్దమున కల్యాణమున బిజ్జలుని కొలువులో దండనాయకుడైన బసవేశ్వరుడు తన కొలువును, చాకలి మాచయ్య తన రేవును ఒకే తూకమున కాయకములని ఎంచిన కాలమది.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ శరణ సంప్రదాయమున ప్రసిద్ధము. రాలిన బియ్యపు గింజలు ఏరుకొనుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు అవసరమునకు మించి ఏరుకొనివచ్చెను. అధికముగా తెచ్చిన గింజలను తిరిగి అక్కడనే పోసిరమ్మని లక్కమ్మ అతనిని పంపెను. గింజలేరు పేదవానిని నేటి వాడుకలో ‘లేబరు’ అందుము. శరణులు అతనిని ‘ఆయ్దక్కి మారయ్య’ అని, అనగా బియ్యము ఏరు మారయ్య యని, అతని పనితో పాటు పేరును చేర్చి పిలిచిరి. మడివాలు మాచయ్య, కుమ్మర గుండయ్య మున్నగు పేరులన్నియు ఇట్టివే. పని ముందు, పేరు వెనుక. అలసట వారి బిరుదు కాలేదు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. కాయకము పవిత్రమని చెప్పి, ఇతరులచే కూలి లేక పని చేయించుకొనుట కాయకము కాదు. అది వెట్టి. సంస్కృతమున ‘విష్టి’ యను మాటయే తెలుగున ‘వెట్టి’ యైనది. కాయకము తాను ఎన్నుకొని చేయునది. దాసోహము తన చేతితో తాను ఇచ్చునది. ఒకని కష్టఫలమును మరియొకడు లాగికొని దానికి సేవయని పేరుపెట్టుట రెండింటికిని విరుద్ధము.

ఈ సంగతికి జనగామ జిల్లాలోని పాలకుర్తి గ్రామమే సాక్షి. సోమనాథుని ఊరుగా ప్రసిద్ధమైన గ్రామమది. మడివాలు మాచయ్య కథను ద్విపదలో పాడి చాకలి వృత్తికి కావ్యమున పెద్దపీట వేసినవాడు సోమనాథుడు. ఆ పాలకుర్తిలోనే 1940ల దశకమున చాకలి ఐలమ్మ తాను కౌలుకు తీసికొని పండించిన పంటను విసునూరు దేశముఖునకు దక్కనీయక నిలిచెను. నిజాము రాజ్యమున చాకలి, కుమ్మరి, మంగలి మున్నగు వృత్తులవారు అధికారులకును దొరలకును వెట్టి చేయవలసిన కాలమది. ఐలమ్మ పనిని నిరాకరించలేదు. తన పని తనదని చెప్పెను. 1985 సెప్టెంబరు 10వ తేదీన ఆమె కన్నుమూసెను. ఒకే ఊరిలో ఏడు శతాబ్దముల ఎడముతో ఒకరు కావ్యముచేతను, ఒకరు పోరాటముచేతను చెప్పినది ఒకటియే: రేవులో బట్ట ఉతుకు చేయి ఎవరి సొత్తును కాదు.

ఇంటను, బడిలోను

పాఠశాలలో చేర్చు దరఖాస్తున ‘తండ్రి వృత్తి’ అను గడి ఉండును. అచ్చట ‘లేబర్’ అని వ్రాయు అలవాటు ఉన్నది. వ్యాకరణమునుబట్టి అది తప్పని పైన చూచితిమి. ‘లేబరర్’ అనుట వ్యాకరణమునకు సరిపోవును. అంతకన్న మేలైనది అతడు చేయు పనిని చెప్పుట. గోడ కట్టువాడు ‘మేసన్’. పొలమున పనిచేయువాడు ‘ఫార్మ్ వర్కర్’. బస్తాలు మోయువాడు ‘పోర్టర్’. ప్రతి పనికి ఇంగ్లీషున ఒక పేరు కలదు. దానిని వెదకి వ్రాయుటకు ఉపాధ్యాయునకు రెండు నిమిషములు చాలును. ఆ రెండు నిమిషములలో బాలుడు నేర్చుకొనునది ఒక మాట మాత్రమే కాదు. తన తండ్రికి ఒక విద్య వచ్చునను సంగతి.

అట్లని ‘లేబర్’ అను మాటను భాషనుండి వెళ్లగొట్టవలసిన పని లేదు. కష్టమును కష్టమని చెప్పుటకు ఆ మాటయే కావలెను. కూలి లెక్క కట్టునప్పుడు, గాయపడినవానికి పరిహారము అడుగునప్పుడు, బాలింతకు విశ్రాంతి కోరునప్పుడు శ్రమను పేరుపెట్టి చెప్పనిచో అది కనుమరుగగును. మనుష్యుని పిలుచునప్పుడు పనిని పేర్కొనవలెను. ప్రతిఫలము ఇచ్చునప్పుడు శ్రమను లెక్కింపవలెను. చాలచోట్ల దీనికి తలక్రిందుగా జరుగుచున్నది. పిలుచునప్పుడు ‘లేబరు’ అనుచున్నారు. ఇచ్చునప్పుడు ‘ఎంత పని అయినది?’ అనుచున్నారు.

పొలము, అంగడి, ఇల్లు కట్టుబడి కలిగి పదిమందిని పనికి పిలుచు కుటుంబములు మన చదువరులలో కలవు. ‘ఎందరు లేబరు వచ్చినారు?’ అనుటకు బదులు ‘ఎందరు వచ్చినారు?’ అని అడిగిన చాలును. ఆ వాక్యమున మాట ఒకటి తగ్గును, అర్థమేమియు తగ్గదు.

అభ్యాసము

ఈ క్రింది సందర్భములలో ‘వర్క్’, ‘లేబర్’, ‘లేబరర్’ అను వానిలో ఏది తగునో పిల్లలు మొదట తమంత చెప్పవలెను. పిమ్మట జవాబులు చూచుకొనవలెను.

1. గర్భిణికి నొప్పులు ఆరంభమైనవి.
2. గోడగడియారము చక్కగ నడచుచున్నది.
3. పండితారాధ్య చరిత్ర సోమనాథుని మరియొక కృతి.
4. గుత్తేదారు సామాను తాను తెచ్చుకొనక చేతిపని మాత్రము ఒప్పుకొనెను.
5. అన్న కొలువునకు పోయినాడు, సాయంత్రము వచ్చును.
6. ఆ పొలమున ఒక్కడే మనుష్యుడు కూలికి వచ్చెను.
7. బస్తా తలపై పెట్టుకొని పావుగంట కదలక నిలిచినవానికి భౌతికశాస్త్రమున సున్న అయినది ఏది? అతని శరీరమున సున్న కానిది ఏది?

జవాబులు: 1. లేబర్. 2. వర్క్. 3. వర్క్. 4. లేబర్. 5. వర్క్. 6. లేబరర్, అతని పేరు తెలిసినచో పేరే మేలు. 7. సున్న అయినది వర్క్. సున్న కానిది లేబర్. ఏడవ ప్రశ్నను పిల్లలతో పాటు పెద్దలును ఒకమారు చేసి చూడవలెను.